స్టెప్నీకి పడక ఏది?

టైరు మీద రాసి ఉన్నది ఎవరూ చదవరు. మందు సీసా మీద చదువుతారు, సినిమా పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు కూడా చదువుతారు. ప్రాణాలు మోసుకుంటూ రోడ్డు మీద దొర్లే టైరు మీద ఏముందని అడిగితే మాత్రం కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటారు. నేనూ ఒకప్పుడు అంతే. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఏ షాపింగ్ సెంటర్ ముందైనా పరాయి బండి పక్కన గొంతుక్కూర్చుని, మెడ పక్కకి వంచి, పెదాలు కదుపుతూ టైరు చదువుతున్న నడివయసు తెలుగువాడు కనిపిస్తే దయచేసి పోలీసులకి ఫోన్ చెయ్యకండి. పూర్తవగానే వెళ్ళిపోతాను.

అందులో చదవడానికి ఏముంటుందంటారా? 215/65 ఆర్16 అని ఉందనుకోండి. 215 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 పక్కగోడ ఎత్తు, వెడల్పులో శాతంగా. 16 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒక్క వస్తువుని కొలవడానికి మిల్లీమీటరూ శాతమూ అంగుళమూ మూడూ కావలసి వచ్చాయి. 1975లో మిషెలిన్ వాళ్ళు టీఆర్‌ఎక్స్ అనే టైరు తీసి, రిమ్మును కూడా మిల్లీమీటర్లలోకి దించారు. 390 మిల్లీమీటర్ల రిమ్ము! లెక్క శుభ్రంగా ఉంది. తీరా ఆ రిమ్ములున్న బండ్లు కొన్నవాళ్ళకి కొన్నాళ్ళు పోయాక వాటికి పట్టే టైర్లు దొరకడం గగనమైపోయింది. లోకం మళ్ళీ హాయిగా కలగాపులగానికి వచ్చేసింది.

ఇంత విద్య నాకు అబ్బడానికి కారణం మా వ్యాను. 1987 ఫోక్స్‌వ్యాగన్ వానగాన్, వెస్ట్‌ఫాలియా క్యాంపరు. జర్మనీలో హానోవర్ ఫ్యాక్టరీ డబ్బా తయారుచేసి పంపితే, వీడెన్‌బ్రూక్‌లో వెస్ట్‌ఫాలియా కంపెనీ వాళ్ళు దాంట్లో గ్యాసు పొయ్యి, సింకు, ఫ్రిజ్జు, మడత మంచం, పైకి లేచే కప్పు అమర్చి సంసారపక్షంగా తీర్చిదిద్దేవారు. అమెరికాలో వీటిని 1980 నుంచి 1991 దాకా అమ్మారు. ఇంజను వెనక, మంచం కింద ఉంటుంది. 2.1 లీటర్లు, 95 గుర్రాల శక్తి. అది కొత్తప్పటి లెక్క. ఇప్పటికి వాటిలో కొన్ని గుర్రాలు రిటైరై ఉంటాయి. మేముండేది ఫ్రీమాంట్‌లో. వీధి వీధంతా టెస్లాలే, అవి తయారయ్యేదీ ఈ ఊళ్ళోనే. వాటి మధ్య పొద్దున్నే మా బండి స్టార్టయితే అటు ఇటు ఆరిళ్ళవాళ్ళకి అలారం అక్కర్లేదు.

ఈ బండికి కంపెనీవాళ్ళు ఇచ్చింది 14 అంగుళాల ఇనప చక్రం, దాని మీద 185 ఆర్14 టైరు. టైరుతో కలిపి ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు. సామాన్లతో రెండు టన్నులు దాటే ఇల్లు ఆ నాలుగు సన్నటి చక్రాల మీద నిలబడి ఉంటుంది. మా అమ్మాయి దాన్ని మొదటిసారి పక్కనుంచి చూసి, "నాన్నా, చక్రాలు తర్వాత పంపిస్తారా?" అంది.

అప్పట్లో ఆ మాట పట్టించుకోలేదు. పిస్మో బీచ్ దగ్గర క్యాంపులో మా పక్కన ఇంకో వానగాన్ వచ్చి ఆగేవరకూ నా మనసు నిర్మలంగానే ఉంది. అది మా దానికన్నా పాతది. రంగు వెలిసింది, బంపరు వంకర, ఒక అద్దానికి టేపు. కానీ కింద పదహారు అంగుళాల అలాయ్ వీల్స్, వాటి మీద ఒళ్ళు చేసిన టైర్లు. ఆ బండి నేల మీద నిలబడిన దర్జా చూస్తూ నేను అక్కడే ఉండిపోయాను. పొయ్యి మీద ఉప్మా మాడింది. ఈ టైర్ల వ్యవహారం మీద మా ఇంట్లో మొదటి అభ్యంతరం ఆ ఉప్మా పేరుతోనే నమోదైంది.

పెద్ద చక్రాలు కావాలనుకున్న మగవాడు అవి చూడ్డానికి బాగుంటాయని ఛస్తే ఒప్పుకోడు. భద్రత అంటాడు, రోడ్డు పట్టు అంటాడు, పిల్లల క్షేమం అంటాడు. అవన్నీ అన్నాక మా ఆవిడ, "కాళ్ళు అవే అయినప్పుడు చెప్పులు రెండు సైజులు పెద్దవి కొనడం ఏంటండీ?" అని ఒక్క ముక్క అడిగింది. దానికి నేను ఆస్ట్రియా దాకా వెళ్ళి సమాధానం తెచ్చాను. ఇదే బండికి నాలుగు చక్రాలూ తిరిగే సింక్రో అనే రకాన్ని గ్రాట్స్ ఊళ్ళో స్టైర్-డైమ్లర్-పూక్ కంపెనీ తయారుచేసేది. అందులో ఒకదానికి వాళ్ళే 16 అంగుళాల చక్రాలు వేశారు! ఫ్యాక్టరీయే వేసిందంటే ఇంక అనుమానమేముంది? ఆ చక్రాల కోసం వాళ్ళు బండి అడుగు బలపరిచి, చక్రాల గూళ్ళు పెంచి, గేర్లు కూడా మార్చారన్న సంగతి మా ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ మోడల్ అమెరికాకి రాకపోవడం కూడా నాకు కలిసొచ్చింది. చుట్టుపక్కల చూపించి పరువు తియ్యడానికి ఒకటి కూడా లేదు.

న్యాయంగా చెప్పాలంటే నా వాదనలో ఒక నిజం ఉంది. ఈ బండి బరువు మొయ్యగల 14 అంగుళాల టైర్లు ఇప్పుడు అమెరికాలో దొరకడం కష్టం. టైర్ల షాపుకి వెళ్తే, నా బండి వయసులో సగం వయసున్న కుర్రాడు కంప్యూటర్లో బండి పేరు కొట్టాడు. వాడికి కనిపించలేదు. స్పెల్లింగు చెప్పాను. మళ్ళీ కనిపించలేదు. చివరికి 14 అంగుళాలని కొడితే చిన్న కార్ల టైర్లు వచ్చాయి. రిమ్ముకి చక్కగా పడతాయి. బరువు దగ్గరే వచ్చింది చిక్కు. టైరు సైజు పక్కన ఇంకో అంకె ఉంటుంది, లోడ్ ఇండెక్సు. అది కిలోలు కాదు, ఒక పట్టికలో వరస నంబరు. 88 అంటే 560 కిలోలు, 97 అంటే 730, 102 అంటే 850. మా బండికి ఒక్కో టైరు కనీసం 97 ఉండాలి. వెనక ఇంజను, మంచం, బట్టల బీరువా అన్నీ ఉన్నచోట 88 వేసుకుంటే కంపెనీవాడు లెక్కగట్టిన దానిమీద ఒక్కో చక్రానికి 170 కిలోలు తగ్గినట్టు. ఆ కుర్రాడు బుద్ధిమంతుడు. "ఇవి వెయ్యను సార్" అన్నాడు. 15, 16 అంగుళాల్లోకి వెళ్తే ఈ బరువు మోసే టైర్లు కావలసినన్ని. ఇంటికొచ్చి ఈ వార్త అంత బాధగా చెప్పడానికి నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

సరిగ్గా అప్పుడే మా అత్తయ్యగారూ మామయ్యగారూ విజయవాడ నుంచి విజిటర్ వీసా మీద దిగారు. మామయ్యగారు ఆర్టీసీ వర్క్‌షాపులో టైర్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అమెరికా వచ్చిన తల్లిదండ్రులని సాధారణంగా గోల్డెన్ గేట్ వంతెనకి తీసుకెళ్తారు. ఆయన వంతెన మీద నిలబడి, కింద సముద్రం వైపు కాకుండా వెళ్ళే బస్సుల చక్రాల వైపు చూశారు. "వెనక జోడు టైర్ల మధ్య రాయి ఇరుక్కుంది, వాడికి చెప్పేవాళ్ళు లేరు" అని ఇంటికొచ్చేదాకా బాధపడ్డారు.

ఆయనకి వ్యాను చూపించాను. లోపల పొయ్యి, ఫ్రిజ్జు, పైకి లేచే కప్పు, ఏదీ చూడలేదు. ఒంగుని టైరు పక్కగోడ బొటనవేలితో నొక్కారు.

"ఎన్ని ప్లై?"

"ఎనిమిదండీ."

"బటన్ అంతా ఉందే! మార్చడం దేనికి అల్లుడుగారూ? ఇంకా నలభై వేలు నడుస్తుంది."

నా గుండె జారింది. ఆర్టీసీలో టైరు అరిగి గుండయితే ప్రాణం పోదు, రీట్రెడ్ చేసి మళ్ళీ ఎక్కిస్తారు. టైరుకి పునర్జన్మలుంటాయని నమ్మిన సంస్థలో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషితో నిండుగా బటన్ ఉన్న టైరు పారేద్దామని ఎలా చెప్పడం? అయితే ఆయన లేవలేదు. కళ్ళజోడు సర్దుకుని, డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస వెతికి, చివరి నాలుగు అంకెలు పైకి చదివారు. "రెండు, మూడు, సున్నా, తొమ్మిది." మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2009లో ఇరవై మూడో వారం. ఆయన ముఖం మారింది. బస్సు టైరుకి ముసలితనం రాదు, ఆ లోపే అరిగిపోతుంది. క్యాంపరు టైరు నెలల తరబడి ఇంటి ముందు ఎండలో నిలబడి ఉంటుంది, అరక్కుండానే ఎండిపోతుంది. పక్కగోడ మడత పెట్టి చూస్తే సన్నటి పగుళ్ళు. గోరు దింపారు, దిగింది.

"కండెమ్" అన్నారు.

ఆ మాట ఆయన సర్వీసులో ఎన్ని టైర్ల గురించి అని ఉంటారో గానీ, అంత ఆనందంగా విన్న మనిషిని మాత్రం చూసి ఉండరు. నేను లోపలికి పరిగెత్తి, "మీ నాన్నగారే అన్నారు" అని మా ఆవిడతో చెప్పాను. టైర్లు మార్చమన్నారు తప్ప సైజు మార్చమనలేదని ఆవిడ గుర్తుచేసింది. ఈవిడ కూడా ఆ ఇంటి పిల్లేగా మరి.

సైజు మీద మామయ్యగారి మనసు మార్చింది నా వాక్చాతుర్యం కాదు, చక్రాల జాతకం. మా బండికి ఐదు బోల్టులు, 112 మిల్లీమీటర్ల వలయం మీద. నడిమి రంధ్రం 66.6 మిల్లీమీటర్లు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళదే పసాట్ అనే కారు చక్రం తెచ్చి పెట్టామనుకోండి, ఐదు బోల్టులూ కుదురుతాయి గానీ నడిమి రంధ్రం 57.1. హబ్బు మీదికి ఎక్కదు. పరాయి కంపెనీ మెర్సిడెస్ చక్రానికి మాత్రం ఐదు, 112, 66.6 మూడూ కుదురుతాయి. సొంతవాడిది పట్టదు, పోటీవాడిది సుబ్బరంగా పడుతుంది. మామయ్యగారు ఇది నమ్మలేదు. టేపు తెచ్చి హబ్బు కొలిచారు, అది చాలక వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి దాని మూతి ఆనించి చూశారు. ఆ గ్లాసులో ఆయనకి మళ్ళీ కాఫీ ఇవ్వడానికి అత్తయ్యగారు ఒప్పుకోలేదు.

"అయితే బెంజి చక్రాలంటారు!" అన్నారు.

ఆ క్షణాన మా పక్షం బలం ఇద్దరికి పెరిగింది.

ఇంక ఆయన్ని ఆపడం ఎవరితరం కాలేదు. మిగిలిన లెక్క ఆఫ్‌సెట్టు. హబ్బుకి ఆనే ముఖం రిమ్ము నడిమధ్య గీతకి ఎంత బయటికి ఉందో చెప్పే కొలత అది. మా పాత రిమ్ము ఐదున్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 39. నేను కన్నేసిన మెర్సిడెస్ సి-క్లాసు రిమ్ము ఏడు అంగుళాలు, ఆఫ్‌సెట్ 37. పెళ్ళి శుభలేఖ వెనకాల ఆయన లెక్క కట్టారు. చక్రం లోపలికి 17 మిల్లీమీటర్లు, బయటికి 21 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లోపలివైపు సస్పెన్షన్‌కి తగలకూడదు, బయటివైపు గూటి అంచుకి తగలకూడదు, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ఏ మూలకీ రాసుకోకూడదు. కాగితం మీద అయిపోయింది కదా అని నేను లేవబోతుంటే, మామిడిపళ్ళు వచ్చిన అట్టపెట్టె విప్పి 686 మిల్లీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా కోశారు. 215/65 ఆర్16 టైరు నిలువెత్తు అది. ఆ అట్టచక్రం పట్టుకుని బండి కింద దూరిన ఆయన కాళ్ళు మాత్రం బయట కనిపిస్తుంటే, ఎదురింటాయన వచ్చి అంబులెన్సు పిలవమంటారా అని మర్యాదగా అడిగాడు.

అట్టచక్రం గూటిలో తిరిగింది. ముందు చక్రాలూ తిరిగాయి. ఒక్కచోట తిరగలేదు. ఈ బండికి స్టెప్నీ ముందు, డ్రైవరు కాళ్ళ కింద ఒక పళ్ళెంలో పడుకుని ఉంటుంది. ఆ పళ్ళెం 14 అంగుళాల చక్రానికి కొలిచి చేసింది. ఏ మూలనుంచి తోసినా అట్ట మడత పడింది తప్ప లోపలికి వెళ్ళలేదు.

"స్టెప్నీ ఎక్కడ పెడతారు?" అన్నారు బండి కిందనుంచే.

పెద్ద చక్రాల గురించి నేను చదివిన సాహిత్యంలో ఈ ప్రశ్న దగ్గర అందరూ దగ్గి, విషయం మార్చినవాళ్ళే. పాత చిన్న చక్రాన్నే స్టెప్నీగా ఉంచుకుంటే గండం గడిచేదాకా మెల్లగా వెళ్ళొచ్చని ఒక మార్గం ఉంది. ఆర్టీసీలో పనిచేసిన మనిషి ముందు ఆ మాట ఎత్తాను. "నాలుగు చక్రాలూ సమంగా లేని బండి డిపో గేటు దాటదు" అన్నారు. సభ ముగిసింది.

ఇదంతా చెబుతుంటే ఒక క్యాంపులో కలిసిన పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. పదహారేమిటి, మొత్తం 29 అంగుళాల ఎత్తు టైర్లు వెయ్యమన్నాడు. దానికి స్ప్రింగులు మార్చాలి, గూటి అంచులు కొయ్యాలి, నాలుగో గేరు మార్చాలి, బ్రేకులు పెంచాలి. అన్నీ మార్చాక బండి మార్చక్కర్లేదట. ఆయన బండి చూశాను. చాలా బాగుంది. ఎక్కడానికి చిన్న నిచ్చెన ఉంది. అత్తయ్యగారి మోకాళ్ళు గుర్తొచ్చి నమస్కారం పెట్టి వచ్చేశాను.

చక్రాల కోసం పాత కార్ల యార్డుకి వెళ్ళాం. రెండు మూడు డాలర్లు టిక్కెట్టు తీసుకుని, మన పనిముట్లు మనం పట్టుకెళ్ళి, మనకి కావలసింది మనమే ఊడదీసుకోవాలి. వెల్డింగు చేసిన రిమ్ముల మీద వరసలు వరసలుగా కార్లు, బానెట్లు తెరిచి, దొరికినంత ఊడదీసి ఉన్నాయి. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి మామయ్యగారి ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. "ఇది మన ఆటోనగరే!" అన్నారు. గేటు లోపలికి అడుగుపెట్టగానే ఆయన నడక మారింది. గ్రీజు చేతులతో ఎదురైన మెక్సికన్ కుర్రాడితో ఆయన తెలుగులో, వాడు స్పానిష్‌లో మాట్లాడుకుని, సి-క్లాసు కార్లు ఏ వరసలో ఉన్నాయో తెలుసుకున్నారు. నేను ఫోన్లో మ్యాపు తెరిచి ఇంకా సిగ్నలు కోసం చూస్తున్నాను.

ఒక్కో చక్రాన్నీ ఊడదీసి, నేల మీద దొర్లించి వంకర ఉందేమో చూసి, స్పానరుతో కొట్టి చప్పుడు విన్నారు. ఒకటి పనికిరాదన్నారు. కారణం అడిగితే "గొంతు బాలేదు" అన్నారు. దాని బదులూ, స్టెప్నీకి ఐదోదీ పక్క వరసలో ఇంకో కారు నుంచి దొరికాయి. కౌంటరు దగ్గర అలాయ్ వీల్‌కి ధర బోర్డు మీద రాసి ఉంది. ఆయన బోర్డు చూసి, నావైపు తిరిగి, "సగానికి అడగండి" అన్నారు. ఇక్కడ బేరాలుండవని చెప్పాను. "ఉండవని వాడు చెప్పాడా, మీరు చెబుతున్నారా?" అన్నారు. ఒక చక్రానికి మధ్యలో ఉండాల్సిన మూత లేదని వేలు పెట్టి చూపిస్తే కౌంటరులో ఉన్నావిడ నవ్వి ఐదు డాలర్లు తగ్గించింది. ఆ ఐదు డాలర్ల కథ విజయవాడలో మా బంధువులందరికీ తెలుసు. చక్రాల సైజు మాత్రం ఎవరికీ తెలియదు.

బోల్టుల దగ్గర ఆయన పైసా కూడా మిగల్చనివ్వలేదు. మా బండి బోల్టు మరలు 14 మిల్లీమీటర్లవి. ఆ మెర్సిడెస్‌వి 12. పైగా బోల్టు తల కింద భాగం రిమ్ములో కూర్చునే చోటు గుండ్రంగా ఉందా, కోసుగా ఉందా అన్నది చూసుకోవాలి. గుండ్రటి గుంటలో కోసు బోల్టు బిగిస్తే చేతికి బిగిసినట్టే ఉంటుంది, ఆనేది మాత్రం సన్నటి అంచు మీదే. నాలుగు బ్రేకులు వేసేసరికి వదులవుతుంది. కొత్త బోల్టులు తెప్పించి, టార్కు రెంచితో 180 న్యూటన్ మీటర్లకి బిగించి, "యాభై మైళ్ళు తిప్పాక మళ్ళీ బిగించాలి" అన్నారు. తిప్పడానికి ఎక్కడికి వెళ్తారని అడిగితే ఆయన లెక్క ప్రకారం మా వీధి చుట్టే. టైర్లు మాత్రం షాపులో కుర్రాడే ఎక్కించాడు. 102 లోడ్ ఇండెక్సు చూసి వాడు కూడా ఊపిరి పీల్చుకున్నాడు.

నక్షత్రం గుర్తున్న మూతలు ఉంచాలా తియ్యాలా అన్న దానిమీద ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. ఫోక్స్‌వ్యాగన్ బండికి బెంజి గుర్తేంటి, నలుగురూ నవ్వుతారని మా అమ్మాయి. మామయ్యగారు ఏమీ అనకుండా చక్రం ఒక్కటే కనిపించేలా దగ్గరగా ఫోటో తీసి, "అల్లుడుగారి బండి" అని రాసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. శుభాకాంక్షలు వచ్చాయి. ఒక బావగారు పార్టీ ఎప్పుడని అడిగాడు. పూర్తి బండి ఫోటో ఇంతవరకూ ఎవరూ పంపలేదు, పంపకూడదని ఒప్పందం.

ఇప్పుడు బండి ఎలా ఉందని అడగండి. పాత చక్రం 659 మిల్లీమీటర్లు, కొత్తది 686. నాలుగు శాతం పెద్దది. స్పీడోమీటరుకి చక్రాలు మార్చిన సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది పాత లెక్కే చెబుతుంది. అరవై చూపిస్తే చక్రం తిరిగినదానికి అరవై రెండు పైన వెళ్తున్నట్టు. కానీ మా స్పీడోమీటరు మొదట్నుంచీ జీపీఎస్ కన్నా కొంచెం ఎక్కువే చెప్పేది. రెండు తేడాలూ చెల్లుకి చెల్లు. ముప్ఫై ఏళ్ళకి పైగా గొప్పలు చెప్పిన ముల్లు ఇప్పుడు నిజం చెబుతోంది. ఇబ్బందల్లా మైలు మీటరుతో వచ్చింది. అది కూడా నాలుగు శాతం తక్కువ లెక్కేస్తుంది, అంటే మైలేజీ పడిపోయినట్టు కనిపిస్తుంది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ మా ఆవిడ లెక్క కడితే, నేను పక్కనుంచి "ఇంటూ 1.04" అంటూ ఉంటాను. ఆవిడ వెయ్యదు.

పికప్ సంగతి ప్రీస్ట్ గ్రేడ్ చెప్పింది. యోసెమిటీకి 120వ నంబరు రోడ్డు మీద వెళ్తుంటే మొకాసిన్ దాటాక కొండ ఎదురవుతుంది. పాత రోడ్డు రెండు మైళ్ళ లోపే సుమారు పదిహేను వందల అడుగులు ఎక్కేస్తుంది. కొత్త రోడ్డు మెలికలు తిరుగుతూ నిదానంగా ఎక్కుతుంది. పెద్ద చక్రమంటే ప్రతి గేరూ నాలుగు శాతం పొడుగైనట్టు. 95 గుర్రాల్లో మిగిలినవాటికి ఆ నాలుగు శాతం బాగా తెలుస్తుంది. కొత్త రోడ్డునే ఎంచుకున్నా, మూడో గేరు చాలక రెండుకి దిగాను. వెనకాల చాలా కార్లు పోగయ్యాయి. మామయ్యగారు పక్క సీట్లో కూర్చుని, "శ్రీశైలం ఘాటులో మా డ్రైవర్లు ఇదే గేరు" అని ధైర్యం చెప్పారు. ఒక సైకిలాయన మమ్మల్ని దాటాడు. దాటుతూ కిందికి చూసి, చక్రాలు బాగున్నాయన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు. మా ఆవిడ చూడలేదన్నది. చూసింది.

క్రేన్ ఫ్లాట్ క్యాంపుకి చేరేసరికి సాయంత్రమైంది. మా అమ్మాయి రానంది కాబట్టి మేం నలుగురం, స్టెప్నీ ఐదోది. దారంతా అది సీట్ల మధ్య నేల మీద కూర్చుంది, అత్తయ్యగారు దాని మీద కాళ్ళు పెట్టుకున్నారు. చిక్కు రాత్రికి వచ్చింది. పై కప్పులో ఇద్దరికీ, కింద ఇద్దరికీ పడక. మంచం విప్పితే స్టెప్నీకి అరచెయ్యంత జాగా లేదు. బయట వదిలెయ్యడానికి మామయ్యగారు ఒప్పుకోరు. 850 కిలోలు మోసే టైరు, బెంజి రిమ్ము, ఎవడైనా ఎత్తుకుపోతే?

యోసెమిటీలో ప్రతి క్యాంపు చోటా ఒక ఇనప పెట్టె ఉంటుంది. ఎలుగుబంట్లు వస్తాయని, తిండి అనేది ఏదీ బండిలో ఉంచకుండా అందులో పెట్టి గొళ్ళెం వెయ్యాలి. వాసన వచ్చే సబ్బు, టూత్ పేస్టు కూడా అందులోకే. దాని లోపలి కొలతలు 33 అంగుళాలు, 45 అంగుళాలు, ఎత్తు 18. మామయ్యగారు టేపు తీశారు. స్టెప్నీ వ్యాసం 27 అంగుళాలు, మందం తొమ్మిదికి లోపు. పడుకోబెట్టారు. కొలిచి చేయించినట్టు పట్టింది. గొళ్ళెం వేసి, ఆ రోజుకి డ్యూటీ అయిపోయిన మనిషి ముఖంతో కుర్చీలో కూర్చున్నారు.

చీకటి పడ్డాక రేంజరు టార్చిలైటుతో వచ్చింది. బండిలో తిండి ఏమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. ఆవిడ ముక్కు ఎగబీల్చింది. అత్తయ్యగారి దిండు పక్కనుంచి మాగాయ ఇంగువ వాసన క్యాంపంతా తెలుస్తోంది. పెట్టెలో పెట్టమంది. పెట్టె తెరిస్తే అందులో టైరు.

ఆవిడ టైరునీ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది. మామయ్యగారు కుర్చీలోంచి లేచి, "215/65 ఆర్16. లోడ్ ఇండెక్స్ 102, మేడమ్" అని రిపోర్టు చేశారు.

రూలు ప్రకారం టైరు ఉండకూడదని ఎక్కడా లేదట. తిండి మాత్రం పట్టాలి. బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు టైరు చుట్టూ, పైనా సర్దాం. మాగాయ జాడీ మిగిలింది. అప్పుడు మామయ్యగారు స్టెప్నీని బోర్లించారు. 37 ఆఫ్‌సెట్ ఉన్న ఏడు అంగుళాల రిమ్ముకి వెనకవైపు ఎంత లోతుంటుందో ఆయన శుభలేఖ వెనక ముందే కట్టి ఉన్నారు. జాడీ ఆ గుంటలో భద్రంగా కూర్చుంది. పక్కనే కారప్పొడి డబ్బా, నెయ్యి సీసా. రేంజరు గొళ్ళెం తనే వేసి, గుడ్ నైట్ చెప్పి వెళ్ళింది.

పెరుగు గిన్నె ఒక్కటే చేతిలో మిగిలిపోయి నిలబడ్డ అత్తయ్యగారు పెట్టె వైపు చూసి, "ఇంకో అంగుళం పెద్దది తీసుకోవాల్సింది బాబూ" అన్నారు.